షట్టర్ స్ప్రింగుకి మా ఉప్పుగాలి లెక్క వేరు
షట్టర్ల సంరక్షణ గురించి మీ వ్యాసంలో, షట్టర్ బరువు మోసే స్ప్రింగ్ 10,000 సార్లు తెరిచి మూసేదాకా వస్తుందని, ఆరు నెలలకోసారి నూనె వేస్తే చాలని రాశారు. రోజుకి నాలుగుసార్లు తీసి వేస్తే దాదాపు ఏడేళ్లు రావాలి. పొడి ఊళ్లలో వస్తుందేమో గానీ, సముద్రం ఒడ్డునున్న మా అంతర్వేది వైపు ఉప్పుగాలికి అంతకాలం ఆగదు. మా కారు షెడ్డు షట్టర్ స్ప్రింగ్ నాలుగో ఏడే తెగింది. చుట్టకీ చుట్టకీ మధ్య ఎర్రటి తుప్పు, వేలు పెడితే పొడిలా రాలింది. తుప్పు తిన్న గుంటల దగ్గరే పగులు మొదలవుతుంది. అంతకు నెల ముందు నుంచే షట్టర్ బరువెక్కింది, సగంలో వదిలితే కిందికి జారిపోయేది. అది స్ప్రింగ్ బలం తగ్గిన గుర్తని అప్పుడు తెలియలేదు. ఇప్పుడు రెండు నెలలకోసారి, తుపాను వెళ్లాక తప్పకుండా, పాత తుప్పు తుడిచి నూనె పట్టిస్తున్నాం. మీరు గట్టిగా చెప్పాల్సింది ఇంకోటి ఉంది: టెన్షన్ మీదున్న, అంటే బిగించి చుట్టి ఉన్న స్ప్రింగుని ఇంట్లోవాళ్లు విప్పకూడదు. మాకు కొత్తది బిగిస్తుంటే అనుభవమున్న మేస్త్రి చేతిలోంచే స్ప్రింగుని తిప్పే రాడ్డు జారి గోడకి తగిలింది, అరచేయంత పెచ్చు ఊడింది. మా అబ్బాయి అప్పటిదాకా అక్కడే నిలబడి ఉన్నాడు.