ఎంగిలి నీళ్ళ అంబాసిడర్

అంబాసిడర్ కారు తాను కక్కిన నీళ్ళు తానే తాగవచ్చా అన్న ప్రశ్న విజయనగరంలో మా అత్తవారింట మూడు నెలలుగా నలుగుతోంది. ధర్మసందేహం కాబట్టి పంచాంగం తిరగేశారు. దొరకలేదు. రాసినవాళ్ళకి కారు ఉన్నట్టు లేదు.

బండి మావగారిది, 1973 నాటి మార్క్ 2. ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళుండే రేడియేటర్ మెడ దగ్గర దానికో సన్న గొట్టం ఉంటుంది. ఇంజిన్ వేడెక్కి నీరు పొంగితే మూతలోని స్ప్రింగు లేస్తుంది, పొంగింది పొంగినట్టు ఆ గొట్టం గుండా రోడ్డు పాలవుతుంది. ఎనిమిది లీటర్లు పట్టే బండి అనుకుంటే, చల్లని నీరు మరిగే దాకా వచ్చేసరికి పావు లీటరు పైనే పెరుగుతుంది. ఆ పావు లీటరుకి బండిలో చోటు లేదు. చల్లారాక చూస్తే అదే పావు లీటరు తక్కువ. కోపంలో కొడుకుని ఇంట్లోంచి పొమ్మని, భోజనాల వేళకి వాడేడని వెతుక్కునే పెద్దమనిషి తీరు.

ఆ గొట్టం చివర ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టిద్దామని నేనన్నాను. నా నేరం అంతే. వేడికి పొంగిన నీరు డబ్బాలోకి వస్తుంది. చల్లారినప్పుడు రేడియేటర్‌లో నీరు ముడుచుకుని లోపల పీల్పు పుడుతుంది, మూత మధ్యలో ఉండే చిన్న వాల్వు తెరుచుకుని డబ్బాలో నీరు వెనక్కి పోతుంది. ఎక్కడా చుక్క పోదు.

మావగారు మొత్తం విని, కండువా సర్దుకుని, "అంటే ఉమ్మిన నీళ్ళు మళ్ళీ తాగుతుందన్నమాట" అన్నారు.

"అలా కాదు మావయ్యగారూ..."

"ఎంగిలి కాదా, కాదో అవునో చెప్పండి అల్లుడుగారూ. ఈ బండిలో రథసప్తమికి అరసవల్లి వెళ్తాం."

సూర్యభగవానుడి దగ్గరికి వేడెక్కని బండిలో వెళ్ళడమే అపచారమేమో అనబోయి ఊరుకున్నాను. అల్లుణ్ణి కదా.

ఆయన అభ్యంతరం ఆచారం ఒక్కటే కాదని తర్వాత తెలిసింది. కోరాపుట్‌లో మా వదినగారు ఉంటారు. గజపతినగరం, రామభద్రపురం, సాలూరు, ఆ పైన ఘాటీ. నలభై ఏళ్ళుగా బండి ఎక్కడెక్కడ పొంగిందో అక్కడల్లా ఆయనకి చుట్టరికాలు ఏర్పడ్డాయి. రామభద్రపురంలో ఒకావిడ వేపచెట్టు కింద బండి ఆగితే చాలు, బిందెతో వస్తుంది. వాళ్ళమ్మాయి పెళ్ళికి మావగారు వెయ్యిన్నూటపదహార్లు చదివించారు. వేసవిలో మామిడికాయలు ఇటు వస్తాయి, సంక్రాంతికి అరిసెలు అటు వెళ్తాయి. బండి నీళ్ళు అడగడం మానేస్తే ఈ బంధుత్వాలు ఏ మొహం పెట్టుకుని నిలబెట్టుకోవాలి? ఒక్క డబ్బాతో ఇన్ని కుటుంబాలు విడిపోతాయని, నిజం చెప్పొద్దూ, నేను ఆలోచించలేదు.

ఈలోగా ఊళ్ళో వార్త పాకింది. కోట దగ్గర ఉండే ఒక పెద్దమనిషి పరుగున వచ్చారు. 2014లో కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయిన దగ్గర్నుంచి ఈ బండి యజమానులంతా పీఠాధిపతులయ్యారు, ఈయన మరీను. "కంపెనీ ఇవ్వని వస్తువు బండిలో పెట్టడమా? ఒరిజినాలిటీ ఏమైపోవాలి?" అని వాపోయారు. ఆయన బండి వీధిలోనే ఆగి ఉంది. ఇంజిను మాటడోర్ వ్యానుది, సీట్లు మారుతివి, హారన్ ఏదో లారీది. డబ్బా మాత్రం లేదు. ఆ మేరకు ఒరిజినలే.

చట్టం మాటకొస్తే, 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి ఉండాలి, ఛాసీకీ బాడీకీ ఇంజినుకీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. లీటరు డబ్బా పెద్ద మార్పు ఎలా అవుతుందో నాకు తోచలేదు. రెండు బోల్టులు విప్పితే ఊడొస్తుంది. మాటడోర్ ఇంజిను రెండు బోల్టులకి రాదు. ఈ మాట పైకి అన్నాను. పీఠాధిపతి కాఫీ తాగకుండానే లేచారు.

మెకానిక్ సాలూరు లారీ షెడ్లలో పని నేర్చినవాడు. ఘాటీ ఎక్కి పొంగిన బండ్లని ఎన్ని చూశాడో లెక్క లేదు. అయినా మొదట తెచ్చింది ఖాళీ కూల్‌డ్రింక్ సీసా. వేడి నీళ్ళకి అది మెత్తబడి వంకర పోయింది. రెండోసారి పాత కారుది గట్టి డబ్బా తెచ్చి, గొట్టం అడుగు దాకా దించి, పక్కన పట్టీ వేసి బిగించాడు. బండి పొంగింది, డబ్బా నిండింది. రాత్రంతా చల్లారింది. తెల్లారి చూస్తే డబ్బాలో నీరు అలాగే ఉంది, రేడియేటర్ వెలితిగా ఉంది.

మావగారి ఆనందం చూడాలి. "చూశారా, బండికి కూడా ఆచారం ఉంది. ముట్టలేదు!"

ఆ పూట నాకు నిజంగానే భయం వేసింది. మెకానిక్ మూత తిప్పి చూసి నవ్వాడు. "ఆచారం కాదు బావూ, రబ్బరు." పాత మూతకి కింద ఒక్క వాషరే ఉంది. పైఅంచు కింద రెండోది లేకపోతే మెడ సందులోంచి గాలి లోపలికి దూరుతుంది. గాలి అంత సులువుగా దొరుకుతుంటే నీళ్ళు లాక్కోవాల్సిన ఖర్మ బండికేమిటి? రెండు వాషర్ల మూత వేశాక మర్నాటికి డబ్బాలో మట్టం దిగింది. మావగారు చాలాసేపు మాట్లాడలేదు.

ఇది కొత్త కార్లలో ఉండే డబ్బా లాంటిది కాదు. అక్కడ డబ్బా కూడా ఒత్తిడిలోనే ఉంటుంది, మూత దాని మీదే ఉంటుంది. మాది ఒత్తిడి లేని డబ్బా, స్వభావం కూడా మెత్తనిదే. రేడియేటర్ మూత మాత్రం మెత్తనిది కాదు. చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి దాకా ఆపే మూత కింద నీరు 110 డిగ్రీలు దాటేదాకా మరగదు. వేడి మీద తీస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి లేస్తుంది. తడి తువ్వాలు వేసి ధైర్యంగా తీసిన రోజుల గుర్తు మావగారి మోచేతి మీద ఇప్పటికీ ఉంది. ఇప్పుడు మట్టం చూడాలంటే డబ్బా బయటినుంచే కనిపిస్తుంది. ఆ సంగతి ఆయన ఒప్పుకున్నారు గానీ పైకి అనలేదు.

చుక్క పోవడం లేదు కాబట్టి బోరు నీళ్ళు మాని కూలెంట్ పోశాం. "పచ్చగా, తీర్థంలా ఉందే" అన్నారు. తియ్యగా ఉంటుంది, విషం, ఆవు నాకకుండా చూడండి అన్నాను. తీర్థం మాట మళ్ళీ ఎత్తలేదు.

ఎంగిలి దోషానికి పరిష్కారం ఆయనే కనిపెట్టారు. గ్రహణం నాడు ఆవకాయ జాడీ మీద దర్భ వేస్తాం కదా. డబ్బాలో వేయబోతే గొట్టానికి అడ్డం పడుతుందని మెకానిక్ చెయ్యి పట్టుకుని ఆపాడు. చివరికి డబ్బా మెడకి బయట దర్భ కట్టారు. ఇప్పటికీ ఉంది.

పోయిన నెల కోరాపుట్ బయల్దేరాం. రామభద్రపురంలో బండి నిక్షేపంగా ఉంది, అయినా వేపచెట్టు కింద ఆపమన్నారు. ఆవిడ బిందెతో వచ్చింది. బానెట్ ఎవరూ ఎత్తలేదు. ఆవిడ కాసేపు నిలబడి చూసి, బిందె కింద పెట్టి, మావగారిని మెల్లిగా అడిగింది.

"ఏటి బాబుగారూ, బండికి ఒంట్లో బాగోలేదా? నీళ్ళు తాగట్లేదు!"