1939లో మన కళాసీలు పారిపోలేదు: ఆ ఫార్వర్డ్‌కు నా జవాబు

"మర్చంట్ నేవీ పిల్లల తల్లిదండ్రులకు హెచ్చరిక" అంటూ మొదలయ్యే మెసేజ్ ఒకటి సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం గ్రూపులన్నిటిలోనూ తిరుగుతోంది. నాకు పంపినవాళ్ళలో నాతో చదువుకున్నవాళ్ళున్నారు, వరసకు అన్నలయ్యేవాళ్ళున్నారు, ఏళ్ళ తరబడి ఓడల మీద పనిచేసి వచ్చినవాళ్ళూ ఉన్నారు. పంపొద్దని చెప్పినా పంపుతున్నారు. కొడుకు ట్యాంకర్ మీద ఉన్న పక్కింటి అత్త ఫోన్ పట్టుకొచ్చి "ఇది నిజమేనేటి బాబూ?" అని అడిగింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మెసేజ్ సారాంశం ఇదీ. ప్రపంచ యుద్ధం ప్రకటించిన మరుక్షణం ప్రతి వ్యాపార నౌకా యుద్ధనౌకే, మీ అబ్బాయి సైనికుడే. అయినా కంగారు వద్దు, 1939లో మొదటి ఎనిమిది నెలలు సముద్రంలో ఏమీ జరగలేదు, పిల్లల్ని తీరిగ్గా ఇంటికి రప్పించుకోవచ్చు. కాన్వాయ్‌లోకి (యుద్ధనౌకల కాపలాతో గుంపుగా సాగే ఓడల్లోకి) మాత్రం వెళ్ళనివ్వకండి, నేవీ వ్యాపార నౌకల్ని ముందు పెట్టి తాను వెనక దాక్కుంది. ఆ యుద్ధంలో భారతీయ కళాసీలు, అంటే ఓడల్లో పనిచేసే మన నావికులు, పిరికితనంతో ఓడలు దిగి పారిపోయారు, అందుకే కంపెనీలు మనవాళ్ళను ఇప్పటికీ నమ్మవు, యుద్ధ ప్రాంతానికి రానన్నవాడికి సీడీసీ (ఓడ ఉద్యోగానికి కావాల్సిన నావికుడి పుస్తకం) పోతుంది. ఓడ మునిగితే ఆ రోజుతోనే జీతం బంద్. చివర్లో అలంకారంగా, 1914లో జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ కళింగపట్నం మీద గుళ్ళు కురిపించిందట.

ఎమ్డెన్ సంగతి ముందు తేల్చేద్దాం. అది 1914 సెప్టెంబర్ 22 రాత్రి కాల్చింది మద్రాసును, అక్కడి బర్మా ఆయిల్ ట్యాంకులను. కళింగపట్నాన్ని కాదు. అంతకుముందు బంగాళాఖాతంలో ఇండస్, లోవాట్, డిప్లొమాట్ లాంటి ఓడలను ఆపి, మనుషులను దింపి, ఆ తర్వాతే ముంచింది. ఈ పాయింటు మీద ఇంతకంటే సమయం దండగ.

ప్రతి వ్యాపార నౌకా యుద్ధనౌకే అన్నది మాత్రం అలా వదిలేసే మాట కాదు. బ్రిటన్ 1939లో యాభై దాకా పెద్ద ప్రయాణికుల ఓడలను తీసుకుని, ఆరు అంగుళాల తుపాకులు బిగించి, నేవీ జెండా ఎగరేసి వాడుకున్న మాట నిజం. పీ అండ్ ఓ కంపెనీ ఓడ రావల్పిండి అలాంటిదే. 1939 నవంబర్ 23న ఐస్‌లాండ్ దగ్గర రెండు జర్మన్ భారీ యుద్ధనౌకలకు ఎదురుపడి మునిగిపోయింది, 238 మంది పోయారు. కానీ వాటిని ప్రభుత్వం పద్ధతి ప్రకారం స్వాధీనం చేసుకుంది, నేవీ కెప్టెన్‌ను వేసింది. వాటిలో పనికి ఉండిపోయిన మర్చంట్ సిబ్బంది నేవీ క్రమశిక్షణకు ఒప్పుకుంటూ విడిగా సంతకం పెట్టారు. మిగిలిన వేల ఓడలు బొగ్గు, గోధుమ, చమురు, ఇనుప ఖనిజం మోస్తూ వ్యాపార నౌకలుగానే ఉన్నాయి. వెనక భాగాన మొదటి యుద్ధం నాటి పాత తుపాకి ఒకటి బిగించినంత మాత్రాన వంటవాడు, బాయిలర్‌కు బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్ సైనికులైపోలేదు.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలో చెబుతాను. 1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. అదే సాయంత్రం మాంట్రియల్ వెళుతున్న అథీనియా అనే ప్రయాణికుల ఓడను జర్మన్ జలాంతర్గామి యూ-30 టార్పెడోతో కొట్టింది. ఓడలో 1,400 మందికి పైగా ఉన్నారు, 117 మంది చనిపోయారు. ఆ జలాంతర్గామి కెప్టెన్ చెప్పుకున్న సాకు ఏమిటో తెలుసా? దాన్ని ఆయుధాలు పెట్టిన ఓడ అనుకున్నాడట. వ్యాపార నౌకను ముందు ఆపాలి, అందులోని మనుషులను సురక్షితంగా చేర్చాకే ముంచాలి అని 1936 నాటి లండన్ ఒప్పందం చెబుతోంది, దానికి జర్మనీ కూడా ఒప్పుకుంది. మీరు ఫార్వర్డ్ చేస్తున్న "ప్రతి వ్యాపార నౌకా యుద్ధనౌకే" అన్న వాక్యం ఓడలను ముంచినవాళ్ళ వాదన. మన ఊరి కుర్రాడికున్న ఒకే ఒక్క రక్షణ, తాను సైనికుడు కాననే మాట. దాన్ని మీ చేతులతో మీరే తీసేస్తున్నారు.

మొదటి ఎనిమిది నెలలు ఏమీ జరగలేదన్న మాటకు అథీనియాయే సగం జవాబు. నిదానంగా సాగింది ఫ్రాన్స్ సరిహద్దులో నేల మీది యుద్ధం. సముద్రం మీద ఒక్క రోజు కూడా సెలవు లేదు. ఆ సంవత్సరం ముగిసేలోపే రెండు వందలకు పైగా వ్యాపార నౌకలు మునిగాయి, అందులో తటస్థ దేశాలవీ చాలా ఉన్నాయి. నవంబర్‌లో జర్మన్లు అయస్కాంత మైన్లు చల్లారు. ఓడ తగలకపోయినా, దాని ఇనుము పైనుంచి వెళితే చాలు, పేలే రకం అది. యుద్ధంతో అప్పటికి సంబంధమే లేని డచ్చి ఓడ సైమన్ బొలివర్, జపాన్ ఓడ తెరుకుని మారు మూడు రోజుల తేడాలో మైన్లకు బలయ్యాయి. గ్రాఫ్ స్పే అనే జర్మన్ యుద్ధనౌక యుద్ధానికి ముందే, ఆగస్టు 21న బయల్దేరి దక్షిణ అట్లాంటిక్‌లో కాచుకుని కూర్చుంది. తొమ్మిది ఓడలను ముంచింది, వాటిలో ఒకటి మన హిందూ మహాసముద్రంలో, మొజాంబిక్ తీరం దగ్గర. యుద్ధం మొదలయ్యాక తీరిగ్గా పిల్లల్ని రప్పించుకోవచ్చని రాసినవాడికి, నడిసముద్రంలో ఉన్న ఓడ నుంచి మనిషి ఎలా దిగుతాడో చెప్పమనండి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ రేవుల్లో ఓడలు కదలకుండా చిక్కుకుపోయింది యుద్ధం మొదలైన రోజే కదా. వారం తిరక్కుండానే, మార్చి 2న, అక్కడ లంగరేసి ఉన్న బంగ్లాదేశ్ ఓడ బంగ్లార్ సమృద్ధి మీద దాడి జరిగి ఒక ఇంజనీరు చనిపోయాడు.

కాన్వాయ్ గురించి చెప్పింది పూర్తిగా తిరగేసిన అబద్ధం. కాన్వాయ్‌లో వ్యాపార నౌకలు వరసలుగా మధ్యలో ఉంటాయి, యుద్ధనౌకలు బయట తిరుగుతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నేవీ చాలాకాలం కాన్వాయ్‌కు ఒప్పుకోలేదు. 1917 ఏప్రిల్ ఒక్క నెలలో ఎనిమిది లక్షల టన్నులకు పైగా ఓడలు పోయాకే దారికొచ్చింది, ఆ తర్వాత నష్టాలు తగ్గాయి. ఆ అనుభవంతోనే 1939లో మొదటి వారంలోనే కాన్వాయ్‌లు మొదలుపెట్టారు. తోడొచ్చే నౌకలు చాలక కొంత దూరం వరకే వచ్చి వెనక్కి తిరిగేవి, అది నిజమైన లోపం. విమాన వాహక నౌకలను జలాంతర్గాముల వేటకు తిప్పడం ఇంకా పెద్ద తప్పు. కరేజియస్ అలా తిరుగుతూనే సెప్టెంబర్ 17న ఐదు వందలకు పైగా మనుషులతో మునిగింది. దాక్కున్న నేవీకి రెండు వారాలకే ఇంత పెద్ద ఓడ ఎలా పోయింది?

కాన్వాయ్ లేకపోతే ఏమవుతుందో మన తీరమే చూసింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడ మీద బాంబులు పడ్డాయని పెద్దలు చెప్పగా అందరం విన్నాం. ఆ రోజుల్లోనే జపాన్ క్రూజర్లు బంగాళాఖాతంలోకి వచ్చి, తోడు లేకుండా విడివిడిగా వెళుతున్న వ్యాపార నౌకలను ఇరవైకి పైగా ముంచేశాయి, కొన్నిటిని ఒడిశా తీరానికి దగ్గర్లోనే. కాపలా లేకపోతే సురక్షితం అనేవాళ్ళు ముందు ఈ లెక్క చూడాలి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని పాయింటు. కళాసీలు పారిపోయారట.

అప్పట్లో బ్రిటిష్ వ్యాపార నౌకల సిబ్బందిలో దాదాపు నాలుగో వంతు భారతీయులు. సిల్హెట్, చిట్టగాంగ్, రత్నగిరి, గోవా వైపు నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. ఇంజన్ రూములో బొగ్గు వేసేదీ, డెక్ కడిగేదీ, వంట చేసేదీ వాళ్ళే. జీతం మాత్రం అదే పని చేసే బ్రిటిష్ నావికుడి జీతంలో నాలుగో వంతుకు అటూఇటూ. యుద్ధం రాగానే తెల్ల నావికులకు యుద్ధ భత్యం ఇచ్చారు. మనవాళ్ళు అడిగిందీ అదే: చావు అందరికీ ఒకటైనప్పుడు భత్యం మాకెందుకివ్వరు? లండన్, గ్లాస్గో, లివర్‌పూల్ రేవుల్లో, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా రేవుల్లో కూడా సమ్మె చేశారు. పరాయి దేశం, తెలియని భాష, కోర్టులో తమ తరఫున మాట్లాడేవాడు దొరకడమే కష్టం. ఓడ కదపనన్నందుకు వందలమందిని జైల్లో పెట్టారు. అయినా వెనక్కి తగ్గలేదు. కలకత్తాలో నావికుల సంఘం నాయకుడు ఆఫ్తాబ్ అలీ ఇక్కడ పోరాడాడు. చివరికి కంపెనీలు దిగొచ్చాయి, జీతాలు పెంచాయి, యుద్ధ భత్యం ఇచ్చాయి. వాళ్ళు మళ్ళీ అవే ఓడలెక్కారు.

పారిపోవాలనుకున్నవాడు జీతం పెంచమని అడుగుతాడా? రేవు దాటి ఊళ్ళోకి జారుకుంటాడు. జైలుకెళ్ళి, వచ్చి, మళ్ళీ అట్లాంటిక్‌లోకి వెళ్ళినవాణ్ణి పిరికివాడన్నారే, అది రాసినవాడు ఒక్కరోజు ఇంజన్ రూములో నిలబడి చూశాడా? టార్పెడో తగిలితే మొదట నీళ్ళొచ్చేది ఎక్కువగా అక్కడికే. పైకి రావాలంటే నిలువు నిచ్చెనలు, చీకటి, ఆవిరి. ఆ చోటే మనవాళ్ళది.

1940 సెప్టెంబర్ 17 రాత్రి ప్రయాణికుల ఓడ సిటీ ఆఫ్ బెనారస్ మునిగినప్పుడు అందులో 166 మంది భారతీయ సిబ్బంది ఉన్నారు. వందమందికి పైగా చనిపోయారు. ఆ ఓడలోని ఒక లైఫ్‌బోట్ ఎనిమిది రోజులు సముద్రంలో కొట్టుకుపోయి చివరికి ఒక విమానం కంటపడింది, ఆ తర్వాత యుద్ధనౌక వచ్చి వాళ్ళను ఎక్కించుకుంది. దాంట్లోని 46 మందిలో ఆరుగురు ఇంగ్లీషు పిల్లలు, ముప్పై మందికి పైగా మన కళాసీలు. యుద్ధం మొత్తమ్మీద ఆరు వేలకు పైగా భారతీయ వ్యాపార నావికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. లండన్ టవర్ హిల్ స్మారకం మీద బ్రిటిష్ నావికుల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. మనవాళ్ళ పేర్లు బొంబాయిలో, చిట్టగాంగ్‌లో పుస్తకాల్లో రాసి పెట్టారు. రాతి మీద చోటు దక్కనివాళ్ళకు ఇప్పుడు సోంపేట వాట్సాప్ గ్రూపులో పిరికివాళ్ళన్న బిరుదు కూడానా? ఈ ఒక్క పాయింటు కోసమే చెబుతున్నాను, ఆ మెసేజ్ డిలీట్ చేయండి. మిగతావన్నీ తెలియనితనం. ఇది చచ్చినవాళ్ళకు చేసిన అన్యాయం.

కంపెనీలు మనవాళ్ళను నమ్మవట. ప్రపంచానికి నావికులను ఎక్కువగా ఇచ్చే దేశాల్లో మనదీ ఒకటి. 2024 జనవరి 26న ఏడెన్ సింధుశాఖలో మార్లిన్ లువాండా ట్యాంకర్‌కు క్షిపణి తగిలి నిప్పంటుకుంది. అందులో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీయుడు. వాళ్ళు ఓడను వదిలి పోలేదు. ఐఎన్ఎస్ విశాఖపట్నం నుంచి వెళ్ళిన మన నేవీ బృందంతో కలిసి గంటల తరబడి పోరాడి మంటలార్పారు.

మెసేజ్‌లో ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను. నేను ఊహించలేదు గానీ, ఓడ మునిగిన రోజుతో జీతం ఆగిపోయేదన్నది చాలావరకు నిజం. ఓడ పోతే దాంతోనే ఒప్పందమూ ముగిసేది. 1925 నాటి బ్రిటిష్ చట్టం ప్రకారం ఉద్యోగం లేని రోజులకు రెండు నెలల దాకా పరిహారం ఉండేది, అంతే. లైఫ్‌బోట్‌లో తిండిలేక పడి ఉన్నవాడు కంపెనీ దృష్టిలో ఉద్యోగి కాదు. బ్రిటిష్ నావికులకు ఈ పద్ధతి మారింది 1941లో. ఈ సంగతి రాసినందుకు ఆ మెసేజ్ రాసినవాడికి ఒక మార్కు ఇస్తాను. తల్లిదండ్రులు భయపడాల్సింది ఇలాంటి షరతులకే.

దాని పక్కనే రాసిన సీడీసీ పోతుందన్న బెదిరింపు వల్లే మన పిల్లలకు అసలు హాని. ఓడల కంపెనీలు, నావికుల సంఘాలు కలిసి కుదుర్చుకునే ఇంటర్నేషనల్ బార్గెయినింగ్ ఫోరం ఒప్పందం కింద నడిచే ఓడల్లో, యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోటికి రానని నావికుడు చెప్పొచ్చు. అలా చెప్పినవాణ్ణి కంపెనీ తన ఖర్చుతో ఇంటికి పంపాలి, రెండు నెలల మూల వేతనం పరిహారంగా ఇవ్వాలి. వెళతానన్నవాడికి అక్కడున్న రోజులకు మూల వేతనమంత బోనస్, ప్రాణం పోయినా అంగవైకల్యం కలిగినా రెట్టింపు పరిహారం. 1939లో కళాసీలు జైలుకెళ్ళి అడిగిన హక్కు ఇప్పుడు కాగితం మీద ఉంది. అయితే అన్ని ఓడలకూ ఈ ఒప్పందం లేదు. డబ్బు కట్టించుకుని పర్మిట్ లేని ఏజెంట్లు ఎక్కించే చిన్నాచితకా ఓడల్లో అసలే ఉండదు.

అత్తకు ఇదే చెప్పాను. అబ్బాయి ఈసారి ఫోన్ చేసినప్పుడు మూడు సంగతులు అడగమన్నాను: మీ ఓడకు ఏ సంఘంతో ఒప్పందం ఉంది, అగ్రిమెంట్‌లో యుద్ధ ప్రాంతం గురించి ఏం రాసి ఉంది, ఓడ పోతే జీతం ఎప్పటిదాకా వస్తుంది. మిగతావాళ్ళు కూడా మీ పిల్లల్ని ఇవే అడగండి. అగ్రిమెంట్ కాపీ ఫోటో తీసి పంపమనండి, అర్థం కాకపోతే నాకు చూపించండి.