మేనమరదలి వరస, చెల్లెలి వరస: మనిషి స్వభావం గురించి పరిణామ సిద్ధాంతం చెప్పేదెంత?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు ఈ నగరంలో ఉన్నవారు ఆ తరువాతి వారాన్ని అంత తేలిగ్గా మరచిపోలేరు. కరెంటు లేదు, కుళాయిలో నీరు లేదు, ఫోన్లు పనిచేయలేదు, ఏ వీధిలో చూసినా కూలిన చెట్లే. ఆ వారంలో మా వీధిలోనే రెండు రకాల మనుషులను చూశాను. ఒక చిల్లర దుకాణాదారుడు పాల ప్యాకెట్టుకు మామూలు ధరకు రెండింతలు పైగా తీసుకున్నాడు. నాలుగిళ్ల అవతల జనరేటరు ఉన్న ఒక కుటుంబం తమ బోరు నీటిని వీధి మొత్తానికీ బిందెలతో పట్టుకోనిచ్చింది, ముక్కూమొహం తెలియని వాళ్ల ఫోన్లకు కూడా ఛార్జింగు పెట్టుకోనిచ్చింది. తరువాత చాలా రోజులు ఈ రెండింటి గురించీ చెప్పుకున్నారు. ‘సందు దొరికితే మనిషి బుద్ధి ఇంతే’ అన్నవారు ఉన్నారు, ‘కష్టంలో మనిషికి మనిషే తోడు’ అన్నవారూ ఉన్నారు. ఇద్దరూ మాట్లాడింది మానవ స్వభావం గురించే. అయితే కొంతకాలానికి తెలిసిన సంగతి ఒకటుంది. ఆ దుకాణాదారుడే తనకు తెలిసిన ఇళ్లలో, పసిపిల్లలున్న వారికి పాత ధరకే, కొందరికి అరువు మీద కూడా పాలు ఇచ్చాడు. మరి అతని స్వభావం ఏది?

‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అనే సామెత మన నోళ్లలో బాగా నలిగినది. దాన్ని కాదనే పక్షమూ మనలో బలంగానే ఉంది. మనిషి పుట్టినప్పుడు ఖాళీ పలక వంటివాడనీ, ఏది రాసినా పెంపకమూ సమాజమూ రాసినదేననీ ఆ పక్షం వాదం. తొలి పక్షం తరచుగా డార్విన్ పేరును తనకు సాక్ష్యంగా తెచ్చుకుంటుంది, రెండో పక్షం ఆ పేరు వినగానే అనుమానంగా చూస్తుంది. నా అభిప్రాయంలో రెండు పక్షాలూ పరిణామ సిద్ధాంతాన్ని సరిగా చదవలేదు. ఆ సిద్ధాంతం మనిషికి మారని గుణాల జాబితా ఏదీ రాసి ఇవ్వలేదు. ఎటువంటి పరిస్థితిలో ఎటువంటి ప్రవృత్తి పైకి వస్తుందో, అలా రావడానికి వెనుక ఎంత పాత చరిత్ర ఉందో అది చెబుతుంది. ‘మనిషి స్వభావమే అంత’ అనే వాక్యం అందుకే సగం వాక్యం. ‘ఎప్పుడు, ఎవరితో, ఏ ఏర్పాటులో’ అనే మిగతా సగం దానికి కలపాలి.

ముందుగా ఒక అపోహను తొలగించాలి. బలవంతుడిదే రాజ్యమని డార్విన్ చెప్పాడని మన ఉపన్యాసాలలో ఇప్పటికీ వినిపిస్తుంది. యోగ్యతముల మనుగడ అనే పదబంధం ఇంగ్లండు తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ 1864లో వాడినది. డార్విన్ దాన్ని తన ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథం 5వ ముద్రణలో, 1869లో, అరువు తెచ్చుకున్నాడు. అక్కడ యోగ్యత అంటే కండబలం కాదు, తానున్న పరిసరాలకు ఇమిడి సంతానాన్ని మిగల్చగలగడం. ఏనుగుకు ఉన్నంత యోగ్యత బొద్దింకకూ ఉంది. 1859లో తొలిసారి వెలువడిన ఆ గ్రంథంలో మనిషి గురించి దాదాపు మౌనం వహించిన డార్విన్, 1871లో ఆ విషయం మీదే ప్రత్యేకంగా రాసినప్పుడు సానుభూతికీ, సాంఘిక ప్రవృత్తులకూ, తోటివారి మెప్పు కోసం మనిషి పడే ఆరాటానికీ పెద్ద పీట వేశాడు. నీతి అనేది ప్రకృతికి వెలుపలి నుంచి వచ్చి పడిందని ఆయన అనుకోలేదు. గుంపుగా బతికే జీవికి తెలివి పెరిగితే అంతరాత్మ వంటిది ఏర్పడడం సహజమని ఆయన వాదించాడు.

ఆ వాదానికి లెక్కలు తరువాతి వారు కట్టారు. తన జన్యువులను పంచుకునే బంధువులకు చేసే సహాయం ఎందుకు నిలబడుతుందో 1964లో జీవశాస్త్రవేత్త హామిల్టన్ గణితంగా చూపాడు. బంధుత్వం లేని వారి మధ్య కూడా, మళ్లీ మళ్లీ ఎదురుపడే వీలుంటే, పరస్పర సహాయం ఎలా వేళ్లూనుకుంటుందో 1971లో మరో జీవశాస్త్రవేత్త ట్రివర్స్ వివరించాడు. మా వీధి దుకాణాదారుడు వీటిని చదివి ఉండడు గాని, రేపు కూడా తన కొట్టు ముందు నుంచే నడిచే వారితో ఒక రకంగా, మళ్లీ కనిపించరనుకున్న వారితో మరొక రకంగా ప్రవర్తించాడు. అలాగని అతను పసిబిడ్డ తల్లికి పాలు ఇచ్చినప్పుడు మనసులో లాభనష్టాలు లెక్కవేసుకున్నాడని అర్థం కాదు. జాలి నిజమైన జాలే. ఆ జాలి మనుషులలో ఎందుకు ఉందన్నది ఒక ప్రశ్న, ఆ నిమిషంలో అతన్ని కదిలించినది ఏమిటన్నది వేరొక ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేసి ‘చివరికి అంతా స్వార్థమే’ అనేవారు సిద్ధాంతానికీ మనిషికీ ఇద్దరికీ అన్యాయం చేస్తున్నారు.

మన తీరంలోని మత్స్యకారుల జీవితంలోనూ ఈ రెండు ముఖాలూ కనిపిస్తాయి. వేటకు కలిసి వెళ్లినవారు వచ్చినదాన్ని పడవకు ఇంత, వలకు ఇంత, మనిషికి ఇంత అని వాటాలు వేసుకోవడం పాత పద్ధతి. కలిసి పనిచేయడం, ఫలం పంచుకోవడం, మోసం చేసినవాణ్ణి గుర్తుపెట్టుకోవడం మన జాతికి ఎంత ప్రాచీనమైన నైపుణ్యాలో అక్కడ చూడవచ్చు. 2022 జనవరిలో, చేపల గుంపును చుట్టుముట్టి పట్టే రింగు వలల వివాదం ముదిరి ఇదే తీరంలో మత్స్యకారుల మధ్య ఘర్షణ జరిగి పడవలు తగలబడ్డాయి. లోపల ఎంత గట్టి కట్టుబాటు ఉంటే బయటివారిపై అంత గట్టి పట్టుదల వస్తుందన్నది కూడా అదే వారసత్వంలోని భాగం. అయినా ఉమ్మడి వనరులను మనుషులు తగిన నియమాలు పెట్టుకుని తరాల తరబడి కాపాడుకోగలరని చూపిన ఎలినోర్ ఆస్ట్రోమ్‌కు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. స్వభావం ఒకటే అయినా నియమం మారితే ఫలితం మారుతుందని ఆమె పరిశోధన చూపింది.

మన ఇళ్లలోనే ఉన్న ఒక ఉదాహరణ దీనికంటే చాలా లోతైనది. అది మేనరికం. మేనమామ కూతురు మనకు మరదలు, పెదనాన్న కూతురు అక్కో చెల్లెలో. మొదటి వరసకు పెళ్లి మాట ఎత్తితే ముసిముసి నవ్వులు, రెండో వరసకు ఆ మాట తలపులోకి రావడమే పాపం. జన్యువుల లెక్కలో మాత్రం ఈ ఇద్దరి మధ్య తేడా లేదు. ఇద్దరూ మనతో సగటున 8లో ఒక వంతు జన్యువులను పంచుకుంటారు. అటువంటి దంపతుల బిడ్డలో ఏదైనా జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే పూర్వీకుడి ప్రతిగా వచ్చి చేరే అవకాశం 16లో ఒకటి. మేనమామనే పెళ్లాడితే అది 8లో ఒకటి. ప్రకృతి గీత గీయని చోట మన వరసలు గీత గీశాయి.

అంటే జీవశాస్త్రానికి ఇక్కడ పనే లేదా? ఉంది. 1891లో ఫిన్లాండుకు చెందిన వెస్టర్‌మార్క్ ఒక ఊహ చేశాడు: పసితనం నుంచి ఒకే ఇంట్లో కలిసి పెరిగిన వారి మధ్య, రక్తసంబంధం ఉన్నా లేకున్నా, పెద్దయ్యాక ఆకర్షణ కలగదని. తైవానులో పూర్వం కాబోయే కోడలిని పసిబిడ్డగానే తెచ్చి కొడుకుతో కలిపి పెంచే ఆచారం ఉండేది. మానవశాస్త్రవేత్త ఆర్థర్ వుల్ఫ్ అటువంటి దంపతులను పరిశీలించగా వారిలో సంతానం తక్కువగా, విడాకులు ఎక్కువగా కనిపించాయి. ఇజ్రాయెల్‌లో కిబుత్సులనే సామూహిక గ్రామాలలో ఒకే గుంపులో చంటితనం నుంచి పెరిగినవారు, ఎవరూ వద్దనకపోయినా, తమలో తాము పెళ్లి చేసుకోవడం దాదాపు లేదు. సన్నిహిత రక్తసంబంధంలో సంతానం వల్ల వచ్చే ముప్పును తప్పించడానికి ప్రకృతి వరణం, అంటే మనుగడకు పనికొచ్చే లక్షణాలు తరతరాలుగా నిలిచిపోయే ప్రక్రియ, వదిలిన జాడ ఇది అని వివరణ.

ఇప్పుడు మన ఉమ్మడి కుటుంబాన్ని తలచుకోండి. పెదనాన్న, చిన్నాన్న పిల్లలు అదే పెరట్లో ఆడుతూ, అదే వంటింట్లో తింటూ పెరుగుతారు. మేనమామ పిల్లలు వేరే ఊళ్లో ఉంటారు, సెలవులకు కలుస్తారు. వెస్టర్‌మార్క్ ఊహకు ఈ అమరిక సరిగ్గా సరిపోయినట్టే ఉంది. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అయితే పిన్ని పిల్లల దగ్గర ఈ వివరణ ఆగిపోతుంది. పిన్ని పెళ్లయి వేరే ఇంటికి వెళుతుంది, ఆమె పిల్లల ఇంటిపేరు వేరు, వాళ్లూ సెలవులకే వస్తారు. అయినా వాళ్లు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లే, ఎందుకంటే పిన్ని భర్త మనకు బాబాయి. ఇక్కడ పనిచేస్తున్నది కలిసి పెరగడం కాదు, ఒకే ఇంటిపేరు కావడం కూడా కాదు. రెండు కుటుంబాల మధ్య పిల్లను ఇచ్చిపుచ్చుకోవడం మీద కట్టిన వరసల వ్యవస్థ అది. భూమి చెదరకుండా ఉండడం, కట్నం భారం తగ్గడం, ఆడపిల్ల తెలిసిన ఇంటికే వెళుతుందన్న ధీమా వంటివి దానికి ఊతమిచ్చాయి. పసితనపు సహవాసం విముఖతను కలిగించవచ్చు గాని, ఆ విముఖత ఎవరి మీదికి మళ్లాలో, ఎవరిని మినహాయించాలో పిలుపులు నేర్పుతాయి. స్వభావమా సంస్కృతా అని రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోమనే వారికి మన వరసలే జవాబు.

ఈ విషయంపై మన ప్రాంతానికి ఒక గౌరవనీయమైన చరిత్ర కూడా ఉంది. పరిణామ సిద్ధాంతానికి గణిత పునాది వేసిన ముగ్గురిలో ఒకరైన జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి తరలివచ్చి, తరువాత ఈ దేశ పౌరుడయ్యారు. ఆయన శిష్యుడు, తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు 1960ల తొలినాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాలపై అధ్యయనాలు ప్రచురించారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో హాల్డేన్ మరణించాక, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ఆ సంగతి మన పాఠశాలల్లో ఎన్నింటిలో చెబుతున్నారో అని నాకు బాధ కలుగుతుంది.

రక్తలోపపు జన్యువులు మలేరియా ఉన్న చోటనే ఎక్కువగా ఎందుకు కనిపిస్తాయన్న ప్రశ్నకు, ఆ జన్యువు ఒక్క ప్రతిగా ఉన్నవారికి మలేరియా నుంచి రక్షణ దొరుకుతూ ఉండవచ్చునని తలసీమియా విషయంలో 1949లో సూచించినది కూడా హాల్డేనే. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ విషయంలో 1954లో ఆలిసన్ అనే శాస్త్రవేత్త దాన్ని ఆఫ్రికాలో చూపాడు. తరతరాలుగా మలేరియాతో సహవాసం చేసిన మన పాడేరు ఏజెన్సీలోనూ సికిల్ సెల్ వ్యాధి ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా ఆ జన్యువు రెండు ప్రతులు వచ్చిన బిడ్డ నొప్పులతో, రక్తహీనతతో బాధపడుతుంది. ఒక్క ప్రతి ఉన్న బిడ్డను అదే జన్యువు ప్రాణాంతకమైన మలేరియా నుంచి కాపాడుతుంది. అది మంచి జన్యువా, చెడ్డ జన్యువా? దోమ లేని ఊళ్లో ఒక జవాబు, దోమ ఉన్న ఊళ్లో ఇంకొక జవాబు. శరీరంలోని ఒక్క అణువు విషయంలోనే ఇంత ఉంటే, కోపం, అసూయ, ఔదార్యం వంటి సంక్లిష్టమైన వాటిని పుట్టుకతోనే మంచివనీ చెడ్డవనీ ముద్ర వేయడం ఎంత తొందరపాటో ఆలోచించాలి.

ఈ తొందరపాటు చరిత్రలో ఘోరాలకు దారితీసింది. డార్విన్ బంధువైన గాల్టన్ 1883లో సుజనన శాస్త్రమనే పేరు పెట్టిన ఆలోచన, అంటే ‘మేలైన’ వారే సంతానం కనాలన్న వాదం, బలవంతపు వంధ్యీకరణల దాకా, జర్మనీలో సామూహిక హత్యల దాకా వెళ్లింది. మన దేశంలో అది కులానికి శాస్త్రీయ సమర్థనగా అవతరించింది. కులం రక్తశుద్ధిని కాపాడుతుందన్న ఆ వాదాన్ని అంబేద్కర్ 1936లోనే, ఆనాటి జీవశాస్త్రాన్నే ఆధారంగా తీసుకుని, ఖండించారు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం శాస్త్రవేత్తలు హార్వర్డు వారితో కలిసి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం దాకా ఈ ఉపఖండపు జనసమూహాలు విస్తారంగా కలిసిపోయాయి, కులాంతర వివాహాలపై గట్టి కట్టడి ఆ తరువాతిది. మన జాతి వయసు దాదాపు మూడు లక్షల ఏళ్లు. అందులో చివరి రెండు వేల ఏళ్ల నాటి ఏర్పాటును ప్రకృతి నియమమని పిలవడానికి పరిణామ సిద్ధాంతంలో ఎక్కడా చోటు లేదు.

పరిణామం పేరిట వచ్చే ప్రతి మాటనూ నమ్మాలని నేను అనడం లేదు. మగవాడు వేటకు వెళ్లాడు గనుక ఇలా, ఆడది గుహలో ఉంది గనుక అలా అని చెప్పే కథలు పత్రికల్లో తరచుగా వస్తాయి. వాటిలో చాలావాటికి ఆధారం అంతంతమాత్రమే. సారా హర్డీ అనే శాస్త్రవేత్త 1970లలో రాజస్థాన్‌లోని ఆబూ కొండపై కొండముచ్చుల మీద పరిశోధన చేసి, తరువాత మానవ శిశువుల పెంపకంపై రాశారు. మనిషి బిడ్డను తల్లి ఒక్కతే పెంచడం మన జాతి చరిత్రలో సాధారణం కాదనీ, అమ్మమ్మలూ, అక్కలూ, ఇరుగుపొరుగూ చేయి వేస్తేనే అంత నెమ్మదిగా ఎదిగే బిడ్డ బతికి బట్టకట్టగలిగాడనీ ఆమె వాదం. ఒంటరిగా ఫ్లాట్‌లో పసిబిడ్డతో సతమతమయ్యే యువతికి ‘తల్లి మనసు అన్నీ ఓర్చుకుంటుంది’ అని చెప్పే బంధువులు దీన్ని వినాలి. ఆమె అలసట ఆమె స్వభావంలోని లోపం కాదు, ఏర్పాటులోని లోపం.

ఇంతటి అక్కర ఉన్న విషయాన్ని మనం పిల్లలకు ఎంత నేర్పుతున్నాం? 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి విజ్ఞానశాస్త్రంలో ‘అనువంశికత, పరిణామం’ పాఠం నుంచి పరిణామాన్ని తీసివేసి అనువంశికతను మాత్రం ఉంచింది. చదువు భారం తగ్గించడానికని కారణం చెప్పారు. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు దానికి అభ్యంతరం తెలిపారు. పరిణామం పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఉంది కదా అనే జవాబు విశాఖలో ఎవరినీ ఒప్పించదు. ఇక్కడ పదో తరగతి దాటిన పిల్లల్లో అధిక భాగం ఎం.పి.సి.కే వెళ్లి ఇంజనీరింగు దారి పడతారు, వాళ్లు ఆ జీవశాస్త్ర పుస్తకాన్ని ముట్టుకోరు. ఆ పిల్లల్లో ఒకరు మరో పదేళ్లకు, ఇంట్లో పెద్దలు కుదిర్చిన సంబంధం చేసుకుని, తొలి కాన్పు పరీక్షకు ఆసుపత్రికి వెళతారు. బరువు, రక్తపోటు రాసుకున్నాక డాక్టరు తల ఎత్తకుండానే అడిగే ప్రశ్న ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినదే: ‘మీది మేనరికమా?’ అది ఎందుకు అడిగారో ఆ దంపతులకు అంతవరకూ ఎవరూ చెప్పి ఉండరు.