క్లిప్పు బిగిస్తే చాలట!

"పాత ట్రక్కు ఏసీలో యార్క్ కంపెనీ కంప్రెసర్ దించి శాండెన్ కంపెనీది ఎక్కించడం గంట పని, పాత గ్యాస్ లైన్లే సరిపోతాయి" అనే మెసేజ్ ఈ వారంలో నాలుగు గ్రూపుల్లో వచ్చింది. ఐదోసారి రాకముందే ఒక్కో పాయింటూ చూద్దాం.

"నట్టు ఎక్కితే చాలు, కారితే టెఫ్లాన్ టేపు చుట్టండి." కుళాయి అనుకున్నారు కాబోలు. ఇక్కడ గ్యాస్‌ని ఆపేది థ్రెడ్ కాదు. ఫ్లేర్ (మూతి గరాటులా విచ్చిన గొట్టం) అయితే 45 డిగ్రీల వాలులో రెండు లోహపు ముఖాలు ఒత్తుకుని ఆపుతాయి, ఓ-రింగ్ (రబ్బరు వలయం) అయితే ఆ రింగే ఆపుతుంది. కొన్ని సైజుల్లో రెండింటి థ్రెడ్ కలుస్తుంది. అప్పుడు ఫ్లేర్ నట్టు ఓ-రింగ్ పోర్టు (కంప్రెసర్‌కి హోస్ తగిలించే మూతి) మీద హాయిగా ఎక్కుతుంది, అంతే హాయిగా కారుతుంది. టేపు పీలికలేమో గ్యాస్‌ని సన్న రంధ్రంలోంచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వులో చేరతాయి. పోర్టు రకం చూసి ఫిట్టింగ్ కొనండి. అడాప్టర్ మీద అడాప్టర్ పేర్చకండి, ఇంజిన్ వణుకుకి ఆ బరువంతా పోర్టు మీదే పడుతుంది.

"పాత రబ్బరు హోసులు మార్చక్కర్లేదు." దీన్ని ఉతికి ఆరేద్దామనుకున్నాను గానీ, ఇందులో కొంత నిజముంది. ఏళ్ల తరబడి మినరల్ ఆయిల్ పీల్చుకున్న రబ్బరులోంచి, కొత్తగా నింపే ఆర్134ఎ గ్యాస్ అంత తేలిగ్గా బయటికి పోదు. పగుళ్లు లేకుండా, కొయ్యకుండా, పొడవు సరిపోతే ఉంచుకోవచ్చు. కానీ శాండెన్ పోర్టులు యార్క్ పోర్టులున్న చోటే ఉండవు కాబట్టి పొడవు చాలాసార్లు సరిపోదు.

అక్కడే అసలు ఘనకార్యం మొదలవుతుంది: "చాలకపోతే కొత్త హోస్ ముక్క తొడిగి రెండు హోస్ క్లిప్పులు బిగించండి." అలాంటి క్లిప్పులు వాడే రేడియేటర్ హోస్‌లో ఉండేది ఒక బార్ చిల్లర ప్రెషర్. ఎండలో ట్రక్కు ఐడిల్‌లో ఉంటే ఏసీ డిశ్చార్జ్ లైన్‌లో (కంప్రెసర్ నుంచి వేడి గ్యాస్ బయటికొచ్చేది) 15 నుంచి 20 బార్, పైగా చెయ్యి కాలే వేడి. ఇప్పటి బ్యారియర్ హోస్ లోపల పల్చని నైలాన్ పొర ఉంటుంది. పాతకాలపు పళ్ల ఫిట్టింగ్‌ని అందులోకి నెడితే ఆ పళ్లు పొరని చీరేస్తాయి. గ్యాస్ రబ్బరు పొరల మధ్యకి దూరి క్లిప్పుకి జానెడు అవతల బయటపడుతుంది. మీరు క్లిప్పు దగ్గర సబ్బు నీళ్లు పూసి "లీకు లేదు" అంటారు! ఇక క్లిప్పు జారి హోస్ ఊడిందంటే ఆ వేడి ఆయిల్ ఎవరి మొహం మీద పడుతుందో మెసేజ్‌లో రాయలేదు.

చేయాల్సింది ఇది. డిశ్చార్జ్‌కి 8 నంబర్ హోస్, లోపలి వ్యాసం 13/32 అంగుళం. సక్షన్‌కి, అంటే గ్యాస్ కంప్రెసర్‌లోకి తిరిగొచ్చే లైనుకి, 10 నంబర్, అర అంగుళం. హ్యాక్‌సాతో కొయ్యకండి, పొట్టు లోపలే ఉండిపోతుంది. హోస్ కట్టర్ వాడండి. బ్యారియర్ హోస్‌కి సరిపడే బీడ్‌లాక్ ఫిట్టింగులు తొడిగి, క్రింప్ చేయకుండానే (మెషిన్‌తో నొక్కించకుండానే) ట్రక్కులో రెండు చివరలూ పెట్టి చూడండి. ఎగ్జాస్ట్‌కి దూరం ఉందా, ఇంజిన్ ఊగడానికి వదులు ఉందా చూసుకుని, హోస్ మీదా ఫిట్టింగ్ మీదా కలిసేలా ఒక పెయింట్ గీత గీయండి. విప్పి, గీత కలిపి క్రింప్ చేయించండి. ఆ గీత లేకపోతే ఎల్బో మూతి ఎటో తిరిగి, హోస్ మెలిపడుతుంది. ఓ-రింగ్‌కి మినరల్ ఆయిల్ రాసి, రెండు స్పానర్లతో బిగించండి.

"పాత ఆయిల్ కాస్త ఉన్నా పర్లేదు." యార్క్‌కి సొంత ఆయిల్ సంపు (అడుగున ఆయిల్ నిలవుండే తొట్టి) ఉంది, శాండెన్‌కి లేదు. దాని ఆయిల్ గ్యాస్‌తో పాటు లైనంతా తిరిగి రావాలి. ఆర్134ఎ మినరల్ ఆయిల్‌ని మోసుకురాదు, అది ఇవాపొరేటర్ (క్యాబిన్ గాలిని చల్లబరిచే కాయిల్) అడుగున కూర్చుంటుంది. ఇవాపొరేటర్‌నీ, వేడిని బయటికి వదిలే కండెన్సర్‌నీ లోపల కడిగి (ఫ్లష్ చేసి), కంప్రెసర్ లేబుల్ చెప్పిన ఆయిల్ చెప్పినంతే పోయండి.

"డ్రయర్ (లైన్‌లో తేమ పీల్చే డబ్బా) బాగుంటే ఉంచేయండి." బాగుందని బయటి నుంచి ఎలా తెలిసిందో! కొత్తది వేయండి, మూతలు ఆఖర్లో తీయండి.

"లీకు చూడ్డానికి వెల్డింగ్ ఆక్సిజన్ ఎక్కించండి." ఇది రాసినవాడికి దండం. ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్‌కి ఆయిల్ తగిలితే నిప్పురవ్వ లేకుండానే పేలుతుంది. రెగ్యులేటర్ పెట్టి పొడి నైట్రోజన్ 10 బార్ ఎక్కించి అరగంట గేజ్ చూడండి. తర్వాత 45 నిమిషాలు పంపుతో లోపలిదంతా లాగేసి వాక్యూమ్ చేయండి. వాక్యూమ్ నిలిచింది కదా అని నైట్రోజన్ మానేయకండి. వాక్యూమ్ పరీక్ష ఒక్క బార్‌దే, అదీ బయటి నుంచి లోపలికి; రేపు లైను మీద పడేది పదిహేను, లోపలి నుంచి బయటికి.