హెచ్చరిక గొంతు నొక్కవద్దు

ఫోనులో అత్యవసర హెచ్చరిక మోగిన ప్రతిసారీ, అది దేని గురించో తెలుసుకోవాలన్న ఆత్రం కంటే ఆ మోతను శాశ్వతంగా ఎలా ఆపివేయాలో చెప్పే సలహాలే వేగంగా వ్యాపిస్తున్నాయి. సెట్టింగ్స్‌లో ఎక్కడికి వెళ్లాలో, ఏది నొక్కాలో బొమ్మలతో సహా వివరించి, ఇంట్లో పెద్దవారి ఫోన్లలో కూడా ఆ పని చేసిపెట్టమని సూచించి, తోటివారికి ఉపకారం చేసినట్టు పంచుకుంటున్నారు. ఈ ధోరణి మమ్మల్ని తీవ్రంగా కలవరపెడుతోంది. వరద వచ్చినా, తుపాను వచ్చినా, కార్చిచ్చు ఊరిని చుట్టుముట్టినా, కర్మాగారం నుంచి విషవాయువు వెలువడినా, నిద్రపోతున్న ఇంటిని తట్టి లేపగల చివరి పిలుపు చాలాసార్లు అదే అవుతుంది. ఆ పిలుపును ఇంటివారే వినిపించకుండా చేసుకుంటే, ఉపగ్రహాలు, రాడార్లు, శాస్త్రవేత్తల అంచనాలు అన్నీ ఆ ఇంటి గుమ్మం బయటే ఆగిపోతాయి.

అలా ఆపివేసుకున్న వారు చెప్పే కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: పోయినసారి ఏమీ కాలేదు. వినడానికి ఇది అనుభవం నుంచి పుట్టిన వివేకంలా ఉంటుంది. నిజానికి ఇంతకంటే ప్రమాదకరమైన తర్కం విపత్తుల చరిత్రలో లేదు. తుపాను చివరి గంటల్లో దిశ మార్చుకోవచ్చు, నది గట్టు ఈసారికి నిలబడవచ్చు, గాలి మళ్లి మంటలు మరో వైపు సాగవచ్చు. అంతమాత్రాన హెచ్చరిక తప్పయిపోదు. ముప్పు తప్పిన ప్రతిసారీ హెచ్చరికనే తప్పుపట్టడం అలవాటైన ఇంట్లో, ముప్పు నిజంగా వచ్చిన రోజున కదలిక ఉండదు. మొదటిసారి చదివి ఊరుకుంటారు, రెండోసారి చదవకుండా తుడిచేస్తారు, మూడోసారికి మోగకుండానే చేస్తారు. ఒక్కసారి ఉపేక్షించి బయటపడటం తర్వాతి ఉపేక్షలన్నింటికీ అనుమతిపత్రంగా మారుతోందన్నదే మా ఆందోళన.

హెచ్చరికలు అవసరానికి మించి వస్తున్నాయని, అవి అస్పష్టంగా ఉంటున్నాయని, ఇల్లు వదిలి వెళితే దొంగల భయం, కూలి నష్టం ఉంటాయని అనేవారి మాటలో కొంత వాస్తవం లేకపోలేదు. నిజంగానే ఆపివేసుకోక తప్పనివారూ ఉన్నారు. 2023 ఏప్రిల్ 23న బ్రిటన్‌లో దేశవ్యాప్తంగా పరీక్షా హెచ్చరిక పంపినప్పుడు, ఇంట్లో హింసకు గురవుతూ రహస్యంగా రెండో ఫోను దాచుకున్న మహిళలకు దాన్ని ఆపివేసుకోమని సహాయక సంస్థలే సలహా ఇచ్చాయి. ప్రాణరక్షణ కోసమే చేసిన ఆ మినహాయింపును మేము పూర్తిగా సమర్థిస్తాము. మధ్యాహ్నపు నిద్ర చెడిందని ఆపివేసుకునేవారికి ఆ మినహాయింపు వర్తించదు.

ఈ హెచ్చరిక ఎలా పనిచేస్తుందో తెలియకపోవడం కూడా నిర్లక్ష్యానికి ఒక కారణం కావచ్చు. సెల్ బ్రాడ్‌కాస్ట్ అనే ఈ పద్ధతిలో సందేశం ఒక్కొక్క నంబరుకు విడివిడిగా రాదు. ఎంపిక చేసిన ప్రాంతంలోని టవర్లు తమ పరిధిలో ఉన్న అన్ని ఫోన్లకూ ఏకకాలంలో దాన్ని ప్రసారం చేస్తాయి. అందువల్ల ఎవరి నంబరూ నమోదు చేసుకోనక్కరలేదు, లక్షలమంది ఒకేసారి ఫోన్లు చేస్తూ నెట్‌వర్క్ స్తంభించినప్పుడు కూడా ఆలస్యం కాదు. దీనికి పరిమితులూ ఉన్నాయి. ఫోను స్విచాఫ్ చేసి ఉంటే రాదు, విమానం మోడ్‌లో ఉంటే రాదు, టవరే కూలిపోతే అసలు రాదు. అన్నిటికంటే ముఖ్యంగా, సందేశం ఎవరికి చేరిందో, ఎవరు మోగకుండా చేసుకున్నారో పంపినవారికి తెలియదు. ఆపివేసుకున్న ఇంటి తలుపు తట్టమని ఎవరికీ ఏ జాబితా అందదు.

పోయినసారి ఏమీ కాలేదనే మాటకు జపాన్ చెల్లించిన మూల్యం గుర్తు చేసుకోవాలి. 2011 మార్చి 9న ఈశాన్య తీరంలో పెద్ద భూకంపం వచ్చింది. సునామీ సూచన వెలువడింది, మీటరు ఎత్తైనా లేని అలలు వచ్చి వెళ్లిపోయాయి. సరిగ్గా రెండు రోజుల తర్వాత, మార్చి 11న, 9.0 తీవ్రతతో భూమి కంపించింది. మూడు నిమిషాల్లోనే హెచ్చరిక జారీ అయినా, ఇవాతే తీరానికి తొలి అంచనా 3 మీటర్లు మాత్రమే. ఆ అంకె విని తీరం వెంట కట్టిన గట్టు ఆపుతుందనుకున్నవారు ఉన్నారు. అంచనాను తర్వాత పెంచినా, కరెంటు పోయి చాలామందికి ఆ సవరణ వినబడనే లేదు. అనేకచోట్ల అలలు 10 మీటర్లు దాటాయి. అదే తీరంలోని కమైషి పట్టణంలో బడి పిల్లలు అంకె కోసం ఆగలేదు. నేల కదలగానే ఎత్తైన చోటికి పరిగెత్తడం వారికి ముందే నేర్పి ఉన్నారు. ఉనోసుమాయి ప్రాంతపు పిల్లలు, నిర్ణయించిన ఆశ్రయస్థలం కూడా సరిపోదని గ్రహించి, ఇంకా పైకి వెళ్లారు. పట్టణంలోని దాదాపు 3,000 మంది విద్యార్థుల్లో అత్యధికులు బతికి బయటపడ్డారు. అంచనా తప్పినా వారి అభ్యాసం తప్పలేదు.

అమెరికా రాష్ట్రమైన హవాయి అనుభవం ఇంకా కఠినమైనది. 2018 జనవరి 13 ఉదయం క్షిపణి దాడి జరగబోతోందని ఆ రాష్ట్రమంతటా ఫోన్లు మోగాయి. అది పొరపాటున పంపిన సందేశమని ఫోన్లకు సవరణ చేరడానికి 38 నిమిషాలు పట్టింది. ఆ తప్పు క్షమించరానిదే. 2023 ఆగస్టు 8న అదే రాష్ట్రంలోని మావీ దీవిలో లహైనా పట్టణాన్ని మంటలు కబళిస్తున్నప్పుడు బహిరంగ సైరన్లు మోగలేదు. సైరన్ వినగానే సునామీ అనుకుని జనం కొండవైపు, అంటే మంటల్లోకే వెళతారని భయపడ్డామని సంబంధిత అధికారి చెప్పుకొచ్చారు, ఆ తర్వాత రాజీనామా చేశారు. దాదాపు 100 మంది చనిపోయారు. ఏ మోతకు ఏ దిక్కుకు వెళ్లాలో జనానికి తెలియదని అధికారే నమ్మే స్థితి ఎలా వచ్చింది? సైరన్ మోగితే ఏం చేయాలో ఇంటింటా మాట్లాడుకునే అలవాటు ఉన్నచోట ఆ సాకుకు తావు ఉండేది కాదు.

ఆలస్యపు హెచ్చరికల విషయంలో ప్రభుత్వాలను మేము ఏమాత్రం వెనకేసుకురావడం లేదు. 2024 అక్టోబరు 29న స్పెయిన్‌లోని వాలెన్సియాలో వాతావరణ సంస్థ ఉదయమే ఎర్ర హెచ్చరిక జారీ చేసింది. ఫోన్లకు సందేశం వెళ్లింది మాత్రం రాత్రి 8 గంటలు దాటాక, అప్పటికే వీధులు వాగులైపోయిన తర్వాత. ఆ వరదల్లో 220 మందికి పైగా మరణించారు. ఉదయం నుంచి రాత్రి దాకా చేతులు కట్టుకు కూర్చున్నవారు జవాబు చెప్పాల్సిందే. ఆ మృతుల్లో కొందరు భూగర్భ గ్యారేజీల్లో ఉన్న కార్లను పైకి తెచ్చుకోవడానికి దిగినవారన్న వాస్తవాన్ని కూడా కుటుంబాలు గ్రహించాలి. ప్రవహించే నీరు 30 సెంటీమీటర్ల లోతున్నా చిన్న కారును తేల్చగలదు, 60 సెంటీమీటర్లు ఉంటే చాలా వాహనాలను ఈడ్చుకుపోగలదు. ఆ నిమిషంలో కారా, ప్రాణమా అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోకూడదు. నీరు వస్తే కిందికి దిగేది లేదని ఇంట్లో ఏనాడో తేల్చుకుని ఉండాలి.

మేము ఇంటి సన్నద్ధత అంటున్నది ప్రధానంగా ఇలా ముందే తేల్చుకోవడం గురించే. సన్నద్ధత అనగానే టార్చిలైటు, బ్యాటరీ రేడియో, పవర్‌బ్యాంకు, నిల్వ ఆహారం అంటూ సామాన్ల జాబితా చదివి ఊరుకుంటున్నారు. అవి కావాలి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున కనీసం మూడు రోజులకు నీరు, వారానికి సరిపడా మందులు, తడవని సంచిలో ముఖ్యమైన పత్రాలు, కొంత నగదు తలుపు దగ్గర సిద్ధంగా ఉండాలి. వీటిని కొనుక్కోవడానికి ఒక పూట చాలు. ఎవరు ఎవరిని తీసుకువెళ్లాలన్న ప్రశ్న మాత్రం కొంటే తీరేది కాదు. మెట్లు దిగలేని పెద్దావిడను ఎవరు ఎత్తుకుంటారు? పిల్లలు బడిలో ఉండగా హెచ్చరిక వస్తే, వారిని తీసుకురావడానికి అధికారమున్న మనిషి ఎవరు, ఆ సంగతి బడికి తెలుసా? కరెంటుతో నడిచే ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడినవారిని ఎక్కడికి చేర్చాలి? చెవులు వినబడనివారికి అర్ధరాత్రి సైరన్ సంగతి ఎవరు చెబుతారు? 2021 జులైలో జర్మనీలోని ఆర్ లోయను వరద ముంచెత్తినప్పుడు, జిన్‌సిగ్ పట్టణంలో వికలాంగుల సంరక్షణ గృహంలో 12 మంది నీటిలో చిక్కుకుని మరణించారు. ఆనాటికి ఆ దేశంలో ఫోన్లకు సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరిక పంపే ఏర్పాటే లేదు, 2023లో గాని అది మొదలు కాలేదు. వారు తమంతట తాము పరిగెత్తలేని మనుషులు. ఇలాంటివారు ఉన్న ప్రతి ఇల్లూ అందరికంటే ముందే, వీలైతే మొదటి సూచన రాగానే, బయలుదేరాలి. ఖాళీ చేయమన్న తుది ఆదేశం దాకా ఆగితే వారికి సమయం చాలదు.

పెంపుడు జంతువుల మాట తేలికగా తీసుకునేవారు 2005 నాటి కత్రినా తుపానును గమనించాలి. జంతువులను వదిలి రాలేక ఇళ్లలోనే ఉండిపోయినవారు ఎందరో ఉన్నందువల్ల, వాటి తరలింపును కూడా విపత్తు ప్రణాళికల్లో చేర్చాలని అమెరికా మరుసటి ఏడాదే చట్టం చేసింది. పశువులున్న ఇంటివారికి ఈ సమస్య ఇంకా పెద్దది. వాటిని ఎటు తోలుకెళ్లాలో, కనీసం కట్లు ఎప్పుడు విప్పాలో ముందే అనుకోవాలి.

ఫోన్ల మీద మితిమీరిన నమ్మకం కూడా తగదు. కుటుంబసభ్యుల నంబర్లు ఎంతమందికి కంఠస్థంగా వచ్చు? అవి కాగితం మీద రాసి ప్రతి ఒక్కరి సంచిలో ఉండాలి. ముప్పు ప్రాంతానికి దూరంగా ఉన్న ఒక బంధువును అందరూ సమాచారం ఇచ్చే మనిషిగా ఎంచుకోవాలి. స్థానికంగా కాల్ కలవనప్పుడు చిన్న ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఎక్కువ. కలుసుకునే చోట్లు రెండు ఉండాలి, ఒకటి ఇంటి దగ్గర, మరొకటి ఆ ప్రాంతానికే బయట. బయటపడే దారులూ రెండు ఉండాలి. 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలోని పారడైజ్ పట్టణం కాలిపోయినప్పుడు ఉన్న కొద్దిపాటి రోడ్లు వాహనాలతో నిండిపోయాయి, చాలామందికి అధికారిక హెచ్చరిక అందనే లేదు, ఆ కార్చిచ్చులో 85 మంది ప్రాణాలు కోల్పోయారు. హెచ్చరిక రాని రోజు కూడా ఉంటుందని, పొగ కనబడితే, నేల కదిలితే, సముద్రం వెనక్కి తగ్గితే అదే హెచ్చరిక అని పిల్లలకు చెప్పి ఉంచాలి.

అలా చెప్పి ఉంచడం ఎంత పని చేస్తుందో ఇండోనేషియాలోని సిమెలూ దీవి చూపింది. 1907లో అక్కడ సునామీ వేలమందిని బలిగొంది. భూమి గట్టిగా కంపించి సముద్రం వెనక్కి పోతే కొండెక్కాలన్న మాటను ఆ దీవివాసులు తాతల నుంచి మనవల దాకా చెప్పుకుంటూ వచ్చారు. 2004 డిసెంబరు 26న భూకంప కేంద్రానికి అతి సమీపంలో ఉన్నా, ఏ సైరనూ లేకపోయినా, దాదాపు 78,000 మంది జనాభాలో చనిపోయినవారు ఏడుగురని లెక్కలు చెబుతున్నాయి. మధ్యలో దాదాపు వందేళ్లు గడిచాయి. పోయినసారి ఏమీ కాలేదని ఆ పెద్దలు చెప్పడం మానేసి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. ఒడిశాలో 1999 తుపానుకు దాదాపు 10,000 మంది బలి కాగా, 2013లో ఫైలిన్ తుపానుకు ముందే దాదాపు 10 లక్షల మందిని తరలించడంతో మృతుల సంఖ్య వందలోపే ఆగింది. ఆ లక్షలమంది గడప దాటడానికి ఒప్పుకున్నారు కాబట్టే అది సాధ్యమైంది.

అధికార యంత్రాంగానికి ఒక సూచన చేయాలి. ముప్పు తప్పిపోయినప్పుడు మౌనం వహించే అలవాటు మానుకోవాలి. తుపాను ఎటు మళ్లింది, ఎన్ని కిలోమీటర్ల తేడాతో తప్పింది, హెచ్చరిక ఏ ఆధారంతో ఇచ్చారు అన్నది మరునాడే జనానికి చెప్పాలి. పొరపాటున పంపితే వెంటనే ఒప్పుకోవాలి. ఆ వివరణ లేనిచోట జనం తమకు తోచిన వివరణ ఇచ్చుకుంటారు, పోయినసారి ఏమీ కాలేదన్న మాట బలపడుతుంది. ప్రపంచంలోని ప్రతి ఒక్కరికీ 2027 చివరికల్లా ముందస్తు హెచ్చరికలు అందాలని ఐక్యరాజ్యసమితి 2022లో లక్ష్యం పెట్టుకుంది. అందిన హెచ్చరికను జనం ఆపివేసుకుంటుంటే ఆ లక్ష్యం చేరినట్టు ఎవరూ చెప్పుకోలేరు.

ఇక, ఈ మోతను ఆపే చిట్కాలను పంచుతున్నవారితో సూటిగా ఒక మాట. మీ ఫోను మీ ఇష్టమని మీరు అనవచ్చు. అమ్మ ఫోనులో, తాతగారి ఫోనులో, వేరే ఊళ్లో ఒంటరిగా ఉంటున్న అత్తయ్య ఫోనులో మీరు ఆపివేసినప్పుడు, వారి ప్రాణానికి సంబంధించిన నిర్ణయాన్ని వారిని అడగకుండానే తీసుకున్నారు. ఆ సెట్టింగ్ ఎక్కడుందో వారికి తెలియదు, ఆపివేసి ఉందన్న సంగతి కూడా చాలామందికి గుర్తుండదు. మీరు చేసిన పనిని మీరే సరిదిద్దాలి. ఎవరెవరి ఫోన్లలో ఆపివేశారో వారందరి ఫోన్లలో ఈ రాత్రి పడుకునే ముందే తిరిగి పెట్టండి, దూరంగా ఉన్నవారికి ఫోను చేసి దగ్గరుండి పెట్టించండి, మీరు పంపిన చిట్కా ఎంతమందికి చేరిందో వారందరికీ దాన్ని పాటించవద్దని మళ్లీ రాయండి.