ష్మిట్ అన్నారా? 'మిట్ డేటే?'

జర్మనీలో ఎవరైనా ఫోనులో తన పేరు ష్మిట్ అని చెబితే, అవతలివారు వెంటనే 'మిట్ డేటే?' అంటారు. చివర డి, టి రెండూ ఉన్నాయా అని. జర్మన్‌లో మాట చివరి 'డ' నోటికొచ్చేసరికి 'ట' అయిపోతుంది. అందుకే డి ఒక్కటే రాసుకునే ఇంటివాళ్లూ, డి-టి కలిపి రాసుకునేవాళ్లూ, రెండు టీలవాళ్లూ చెవికి ఒక్కటే. తెలుగులో మనం ఈ పేరును ఒకచోట స్మిత్ అనీ, ఇంకోచోట ష్మిడ్ట్ అనీ రాస్తున్నాం. కొందరైతే 'కమ్మరి అన్నమాట' అని అర్థం చెప్పి ఊరుకుంటున్నారు. మా మాట ఇదీ: పలుకును ష్మిట్ అని రాయాలి, చివర ఏ అక్షరాలున్నాయో ఆ పక్కనే చెప్పాలి. అర్థం సంగతి తర్వాత.

అర్థం తప్పేమీ కాదు. జర్మన్ ఊరిలో కొలిమి ఇళ్లకు దూరంగా, ఊరి చివర ఉండేది. నిప్పురవ్వలంటే భయం మరి. గుర్రాలకు లాడాలు, నాగళ్లకు కర్రులు, బండి చక్రాలకు ఇనుప పట్టాలు, అన్నిటికీ ఆ ఒక్క కొలిమే. ఊరికి కమ్మరి ఒక్కడే కాబట్టి 'కమ్మరి హాన్స్' అంటే చాలు, ఇంకే గుర్తూ అక్కర్లేదు. ఇలా ఊరికొకడు చొప్పున పోగైన పేరు ఈ రోజు జర్మనీలో ముల్లర్ తర్వాత రెండో స్థానంలో ఉంది. మధ్యయుగంలోనే ఆ పేరు తండ్రి నుంచి కొడుకుకు రావడం మొదలైంది. సమ్మెట ముట్టని మనవడికీ అదే నిలిచింది. పేరు నిలిచింది గాని పని అక్కడితో ఆగింది. ఇప్పుడు ఇనుప పని నేర్చుకోవాలనుకునే కుర్రవాడు చేరేది మెటాల్‌బావర్, అంటే లోహ నిర్మాణ పనివాడి శిక్షణలో.

చివరి అక్షరాల్లో మాత్రం ఇప్పటికీ సమాచారం ఉంది. డి-టి ఉత్తరాన, నడిమి జర్మనీలో ఎక్కువ. రెండు టీలు పశ్చిమాన పాలటినేట్, బవేరియా ఉత్తర భాగంలోని ఫ్రాంకోనియా వైపు. డి ఒక్కటే అయితే నైరుతి మూలనున్న స్వేబియా, దక్షిణ బవేరియా. ష్మిట్స్ అని చివర 'జెడ్' కనిపిస్తే కొలోన్ చుట్టుపక్కల అనుకోవచ్చు. ఇదేమీ చట్టం కాదు, ఊహకు ఆసరా మాత్రమే. పూర్వం చర్చి పుస్తకాల్లో పాదిరి తన చెవికి తోచినట్టు రాసేవాడు. ఒకే మనిషి బాప్టిజంలో ఒక రకంగా, పెళ్లిలో ఇంకో రకంగా కనిపిస్తాడు. 1876 జనవరి 1 నుంచి దేశమంతటా సివిల్ రిజిస్టర్లు వచ్చాక స్పెల్లింగు గట్టిపడింది. వంశవృక్షం వెతికేవారికి, పేరును పలుకును బట్టి అంకెల కోడ్‌గా మార్చే 1969 నాటి కొలోన్ ఫొనెటిక్ పద్ధతి అందుకే పనికొస్తుంది. అందులో మూడు ష్మిట్‌లకూ ఒకే కోడ్, 862. ష్మిట్స్‌కు మాత్రం 868, కాబట్టి దాన్ని విడిగా వెతకాలి.

ముందు చేరే మాట ఇంకా రుచికరం. గోల్డ్‌ష్మిట్ కంసాలి, కుప్ఫర్‌ష్మిట్ రాగి పనివాడు, మెస్సర్‌ష్మిట్ కత్తులు చేసేవాడు. 'క్లైన్' అంటే చిన్న, అయినా క్లైన్‌ష్మిట్ పొట్టి కమ్మరి కాడు, తాళాలు, తలుపు బందుల్లాంటి చిన్న సామాను చేసేవాడు. కాల్ట్‌ష్మిట్ లోహాన్ని ఎర్రగా కాల్చకుండా చల్లగా ఉండగానే కొట్టేవాడు. మనకు కమ్మరి, కంసాలి, కంచరి వేర్వేరు మాటలు. వాళ్లకు ఒకే మాటకు తలలు మారతాయి.

అక్షరం తప్పితే ఏమవుతుందో చూడాలంటే ఇద్దరు న్యాయశాస్త్రవేత్తలు చాలు. కార్ల్ ష్మిట్, రెండు టీలు: 1933 మేలో నాజీ పార్టీలో చేరి ఆ పాలనకు సిద్ధాంతం సమకూర్చినవాడు. కార్లో ష్మిట్, డి ఒక్కటే: 1948-49లో ఇప్పటి జర్మన్ రాజ్యాంగం రాసిన సభలో ప్రధాన కమిటీ అధ్యక్షుడు. ఈయనకు పుట్టినప్పుడు పెట్టిన పేరు కూడా కార్లే! తెలుగు వ్యాసంలో వీళ్లిద్దరినీ ఒకరిగా కలిపేస్తే అది అచ్చుతప్పు కాదు, అన్యాయం. ఇక 1974 నుంచి 1982 దాకా ఛాన్సలర్‌గా ఉన్న హెల్ముట్ ష్మిట్‌ది డి-టి.

డి-టి వాళ్లు మరీ ఎక్కువ కావడంతో పార్లమెంటు మన పద్ధతే పట్టింది, పేరుకు ఊరు తగిలించింది. ఆరోగ్య మంత్రిగా చేసిన ఉల్లా ష్మిట్ 'ష్మిట్ (ఆహెన్)', వ్యవసాయ మంత్రిగా చేసిన క్రిస్టియాన్ ష్మిట్ 'ష్మిట్ (ఫ్యుర్ట్)'. చిత్రకారుడు కార్ల్ ష్మిట్ తన ఊరి పేరు కలుపుకుని ష్మిట్-రొట్లుఫ్ అయ్యాడు. ఊరినే ఇంటిపేరుగా మోసే మనకు ఇందులో వింతేముంది?

టెలిస్కోపు ష్మిట్‌ది వేరే కథ. ఇప్పటి ఎస్తోనియాలోని ఒక దీవిలో 1879లో పుట్టిన బెర్న్‌హార్డ్ ష్మిట్, చిన్నప్పుడే మందుగుండు ప్రయోగంలో కుడిచేయి పోగొట్టుకున్నాడు. గోళాకారపు అద్దం అంచుల్లో చెదిరే బొమ్మను సరిదిద్దడానికి, హాంబుర్గ్‌లో 1930లో ముందువైపు ఒక పలుచని గాజు పలక పెట్టాడు. ఆ పలకను కింది గాలి తోడేసి వంచి, వంగిన స్థితిలోనే అరగదీసి, వదిలేస్తే కావలసిన వంపు దానంతటదే వచ్చేది. కెప్లర్ అంతరిక్ష దూరదర్శిని ఆ అమరికే. దాన్ని తెలుగులో 'స్మిత్ టెలిస్కోపు' అని రాసేవారు ఇంగ్లీషు పేరును అతికిస్తున్నారు.

'కమ్మరి' అని అనువదించడం మాకు ఎందుకు నచ్చదంటే, తెలంగాణలో కమ్మరి, కుమ్మరి, వడ్ల అన్నవి ఈనాటికీ ఇంటిపేర్లుగా ఉన్నాయి, విన్నవారు కులం పసిగడతారు. ష్మిట్ విన్న జర్మన్ స్పెల్లింగు అడుగుతాడు, అంతే. ఆ తేడాను అనువాదం చెరిపేస్తుంది.

జర్మనీలో ఉండే మనవాళ్లకు అన్నిటికన్నా దగ్గరి ఇబ్బంది ఇంటి అద్దె పంపేటప్పుడు. 2025 అక్టోబరు 9 నుంచి యూరో దేశాల బ్యాంకులు ఐబాన్ అనే ఖాతా నంబరుతో పాటు పేరునూ సరిచూస్తున్నాయి. రెండు టీల యజమానికి డి-టి కొడితే 'దాదాపు సరిపోయింది' అని వచ్చి, అసలు పేరు తెర మీద కనిపిస్తుంది. అప్పుడు దాన్నే సరిచేసి భద్రపరచండి. అసలు సరిపోలేదని వచ్చినా నొక్కేసి పంపితే, డబ్బు వేరే ఖాతాకు వెళ్లినప్పుడు బ్యాంకు బాధ్యత తీసుకోదు. పేరును కాలింగ్‌బెల్ పలక చూసి కాదు, అద్దె ఒప్పందం చూసి ఎక్కించండి.

ఫోనులో చెప్పాల్సి వస్తే, ఒక్కో అక్షరానికి ఒక్కో గుర్తుమాట ఇచ్చే 2022 నాటి కొత్త జర్మన్ పట్టిక ప్రకారం చివర 'డ్యుసెల్‌డోర్ఫ్, ట్యుబింగన్' అనాలి. పెద్దవాళ్లకు పాత పట్టికలోని 'డోరా, తేయోడోర్' అంటేనే చప్పున తడుతుంది. రెండు టీలైతే ఇంత తతంగం అక్కర్లేదు, 'మిట్ డోపెల్-టే' అంటే చాలు.