సవరణ: 18 వోల్టులు, 20 వోల్టులు ఒకటే

చేతి పనిముట్ల నుంచి కార్డ్‌లెస్ డ్రిల్లుకి మారానని రాసిన పోస్టులో, 18 వోల్టుల కంటే 20 వోల్టులది పవర్ ఎక్కువ అన్నాను. తప్పు. రెండు బ్యాటరీల్లోనూ వరసగా కలిపినవి 5 లిథియం సెల్సే. ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు, మొత్తం 18. ఫుల్ ఛార్జింగ్‌లో ఒక్కోటి 4 దాటుతుంది కాబట్టి డబ్బా మీద 20 అని వేస్తారు. ఆ అంకె చూసే నేనూ పడిపోయాను లెండి.

గోడకి ఏ డ్రిల్లయినా చాలన్నదీ పొరపాటే. కాంక్రీటుకి హ్యామర్ మోడ్, అంటే తిరుగుతూనే సుత్తిలా కొట్టేది, కావాలి. విశాఖ పెదవాల్తేరులో మా ఇంటి బీముకి మామూలు మోడ్‌లో పెడితే చిటికెడు పొడి రాలింది, బిట్టు మొన నీలంగా మాడింది.

పాత స్క్రూడ్రైవర్లు అమ్మేయమన్నాను కదా, ఆగండి. మన సముద్రపు గాలికి తుప్పెక్కిన స్క్రూని మిషన్‌తో తిప్పితే గాడి అరిగిపోతోంది. దానికి చెయ్యే దిక్కు.